పుష్కరాల కంట్రోల్ రూమ్ మేడ మీద మాకు కాస్త చోటివ్వండి

గోదావరి పుష్కరాల ఏర్పాట్లు చూస్తున్న జిల్లా కలెక్టర్లకు, పోలీసు, రెవెన్యూ, దేవాదాయ, వైద్య శాఖల అధికారులకు,

నమస్కారం.

2027 పుష్కరాల గురించి సమీక్షా సమావేశాలు జరుగుతున్నాయని పేపర్లలో చదువుతున్నాం. ఘాట్ల మెట్లు, రోడ్లు, పార్కింగ్, మరుగుదొడ్లు, ప్రత్యేక రైళ్లు, అన్నీ లెక్కలోకి వస్తున్నాయి. ఆ కాగితాల్లో ఎక్కడో ఒకచోట కమ్యూనికేషన్ అన్న మాట ఉంటుంది. దాని కింద సీసీ కెమెరాలు, డ్రోన్లు, అదనపు సెల్ టవర్లు, వాట్సాప్ గ్రూపులు అని రాసుకుంటారు. ఆ వరుస కింద హామ్ రేడియో అని ఇంకొక్క వరుస చేర్చమని, అదీ ఇప్పుడే చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

మేము హామ్ రేడియో ఆపరేటర్లం, అంటే ప్రభుత్వ లైసెన్సుతో సొంత రేడియో సెట్ల మీద సరదాగా మాట్లాడుకునేవాళ్లం. గోదావరి జిల్లాల్లో అక్కడొకరు ఇక్కడొకరుగా ఉంటాం. మాలో కరెంటు పని చేసేవాళ్లున్నారు, టెలిఫోన్ శాఖలో చేసి రిటైరైనవాళ్లున్నారు, రొయ్యల చెరువులు చూసుకునేవాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, ఇంటి పనులు ముగించుకుని రేడియో ముందు కూర్చునే ఆడవాళ్లూ ఉన్నారు. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం పరీక్ష పెట్టి, పాసైనవాళ్లకు లైసెన్సు, కాల్ సైను, అంటే రేడియోలో మమ్మల్ని గుర్తుపట్టే పేరు, ఇస్తుంది. పన్నెండేళ్లు నిండితే ఎవరైనా రాయొచ్చు. జనరల్ గ్రేడ్ వాళ్ల కాల్ సైను వీయూ2తో, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్లది వీయూ3తో మొదలవుతుంది. రాజీవ్ గాంధీ కాల్ సైను వీయూ2ఆర్‌జీ అని చెప్పాకే కొన్ని ఆఫీసుల్లో మాకు కుర్చీ చూపిస్తారు కాబట్టి ఆ సంగతీ ముందే చెప్పేస్తున్నాను. ఈ రేడియో మీద వ్యాపారం చేయకూడదు, చేసిన పనికి డబ్బు తీసుకోకూడదు, ఎవరికీ అర్థంకాని రహస్య భాషలో మాట్లాడకూడదు. అంటే మేము వచ్చి పనిచేస్తే ఖర్చుల పద్దులో మా పేరు రాసే పని మీకు ఉండదు.

ఏటా జూన్ నాలుగో వారాంతంలో అమెరికా, కెనడాల్లోని రేడియో క్లబ్బులు ఊరి పార్కుల్లో, మైదానాల్లో టెంట్లు వేసుకుని, బ్యాటరీల మీద, జనరేటర్ల మీద రాత్రంతా స్టేషన్లు నడుపుతాయి. 1933 నుంచీ ఈ ఆనవాయితీ ఉంది. ఫీల్డ్ డే అంటారు. గోడలు, కరెంటు, ఇంటి మీద కట్టిన యాంటెన్నా ఏవీ లేనిచోట రేడియో పనిచేయించడం ఎలాగో ఊరందరి ముందూ సాధన చేయడం దాని ఉద్దేశం. మనకు అలాంటి పార్కులు తక్కువ. అంతకు మించినవి, తీర్థాలున్నాయి. అందుకే మా సాధనంతా తీర్థాల్లోనే.

కోనసీమలో సంక్రాంతికి జరిగే ఒక తీర్థంలో మేము పెట్టిన స్టేషన్ గురించి చెబుతాను. కొబ్బరి తోటలో ఒక మూల చోటిచ్చారు. ఏడు మెగాహెర్ట్జ్ మీద మాట్లాడాలంటే దాదాపు 66 అడుగుల తీగ కావాలి, మధ్యలో కేబుల్ దిగుతుంది. దాన్ని ఎత్తున కట్టడానికి మా దగ్గర స్తంభాలు లేవు. దింపు తీసే ఆయన్ని అడిగితే నవ్వుకుంటూనే చెట్టెక్కి రెండు కొసలకీ నైలాన్ తాడు బిగించి వచ్చాడు. ఇన్సులేటర్లకు బదులు ప్లాస్టిక్ బాటిల్ మూతలు వాడాం. పన్నెండు వోల్టుల ట్రాక్టర్ బ్యాటరీ మీద రేడియో ఆన్ చేస్తే అరగంటలో హైదరాబాదు, బెంగళూరు పలికాయి. చుట్టూ మూగిన పిల్లలు తమ పేర్లు చెప్పమని బతిమాలారు. ఊళ్లో పెద్దాయన ఒకరు వచ్చి ఫోన్ ఛార్జింగ్ ఎంతకి పెడుతున్నారని అడిగాడు. పోలీసాయన ఒకరు వచ్చి ఈ తీగ ఎవరి పర్మిషన్‌తో కట్టారని అడిగారు. ఇద్దరి ప్రశ్నలూ సబబైనవే. పోలీసాయనకు లైసెన్సు కాగితాలు చూపించాం. పెద్దాయనకి ఊరికే ఛార్జింగ్ పెట్టిచ్చాం.

సాయంత్రం ఆరు దాటాక ప్రభలకు కట్టిన సీరియల్ లైట్లు వెలిగించారు. అంతే, రేడియోలో బర్రుమని ఒకటే రొద. ఆ ఎల్‌ఈడీ లైట్ల కింద ఉండే చవకరకం సప్లై డబ్బాలు చుట్టుపక్కల షార్ట్‌వేవ్ మొత్తాన్ని పాడుచేస్తాయి. అప్పటిదాకా మామూలుగా వినిపించిన విజయవాడ మనిషి గొంతు అందులో మునిగిపోయింది. లైట్ల మేస్త్రీ ఒక్కో దండ ప్లగ్గు తీసి చూస్తూ పోతే, రొద అంతటికీ కారణం మాకు దగ్గర్లో ఉన్న ఒకే ఒక దండ అని తేలింది. దాన్ని వేరే చెట్టుకి మార్చాడు. ఇంత చిన్న విషయాన్ని ఎందుకు చెబుతున్నానంటే, పుష్కరాల్లో ఘాట్లన్నీ అలాంటి లైట్లతోనే నిండిపోతాయి. వాటి పక్కన రేడియో వినిపిస్తుందో లేదో తెలియాలంటే, లైట్లు వెలిగే రోజు కంటే ముందే ఒకసారి వెలిగించి చూడాలి. ఆ రోజు వచ్చాక మేస్త్రీ మాకు దొరకడు.

రాత్రి ఎనిమిది ప్రాంతంలో జనం బాగా పెరిగారు. ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనబడుతున్నాయి, కాల్ మాత్రం వెళ్లదు. టవర్ ఒకేసారి ఇంతమందికి మాత్రమే దారి ఇవ్వగలదని, ఆ లెక్క దాటితే తర్వాత వచ్చినవాళ్లు బయటే ఆగాలని జనానికి తెలియదు. ఫోన్ పాడైందనుకుని ఆపి మళ్లీ ఆన్ చేస్తారు, అందరూ అలా చేసేసరికి టవర్ మీద భారం ఇంకా పెరుగుతుంది. మా వాళ్లు చేతి సెట్లతో నాలుగు చోట్ల నిలబడ్డారు: తోట మొగలో, కాలువ గట్టు మీద, మైకుసెట్టు దగ్గర, అంబులెన్స్ దగ్గర. అన్నీ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, అయిదు వాట్ల సెట్లు.

కాలువ గట్టు మీదున్న మనిషికి ఒక పాప దొరికింది. పేరేంటమ్మా అంటే బుజ్జి అంది. నాన్న పేరేంటంటే నాన్న అంది. ఊరు అడిగితే అమ్మమ్మ వాళ్ల ఊరని చెప్పింది. మైకులో ఇది చదివితే తీర్థంలో సగంమంది తల్లులు పరుగెత్తుకొస్తారు. మా మనిషి ఇవేవీ పంపలేదు. "ఆడపిల్ల, నాలుగైదేళ్లు, నీలం గౌను, కాళ్లకు పట్టీలు, కుడికాలి చెప్పు లేదు, కాలువ గట్టు" అని రెండుసార్లు చెప్పాడు. మిగతా ముగ్గురూ కాగితం మీద రాసుకున్నారు, తిరిగి చదివి సరిచూసుకున్నారు. అంబులెన్స్ దగ్గర ఒకావిడ కళ్లు తిరిగి కూర్చుని ఉంది, పిల్ల కనబడటం లేదని ఏడుస్తోంది. అక్కడున్న మా అమ్మాయి ఆమెను అడిగింది ఒకే ప్రశ్న: మీ పాప కాళ్లకి ఏమున్నాయి? పట్టీలు, చెప్పులు అందావిడ. ఒక చెప్పే ఉందిట అంది మా అమ్మాయి. ఆవిడ లేచి నిలబడింది.

ఇందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడే సెట్టు, ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో ముందే నేర్చుకున్న మనుషులు, కాగితం, పెన్సిలు ఉన్నాయంతే. సెట్లు కొనుక్కోవచ్చు. మనుషుల అలవాటు కొనలేం. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు మధ్యలో బటన్ నొక్కకుండా ఉండటం, నెట్ (ఒకే ఛానెల్ మీద అందరూ కలిసి మాట్లాడుకునే కూటమి) నడిపేవాళ్లు పిలిచేదాకా ఆగటం, అత్యవసరమైతే మాత్రం మధ్యలోకి రావటం, విన్నది అందినట్టు చెప్పటం, ఇవి వారం వారం ఒక టైముకి కలిసి మాట్లాడుకుంటే వచ్చే పద్ధతులు. మేము ఇళ్లల్లో కూర్చుని చేసే పని అదే. పక్కింటివాళ్లకు కాలక్షేపంలా కనబడుతుంది.

ఇప్పుడు పుష్కరాల సంగతి. 2015 జులై 14, మొదటి రోజు ఉదయం, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి కనీసం 27 మంది చనిపోయారు. మా దగ్గర రేడియో ఉండుంటే అది ఆగిపోయేదని నేను అనను. గేట్లు, బారికేడ్లు, జనాన్ని ఎక్కడ ఆపాలన్న నిర్ణయాలు రేడియో తీసుకోదు. కానీ అలాంటి చోట ముందున్నవాళ్లు ఊపిరాడక నలుగుతుంటే వెనక ఉన్నవాళ్లకి ఆ సంగతి తెలియదు, వాళ్లు ఇంకా ముందుకు తోస్తూనే ఉంటారు. ముందు ఏం జరుగుతోందో వెనక గేటు దగ్గరున్న మనిషికి ఆ నిమిషంలోనే చేరాలి. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, అక్కణ్ణుంచి ఇంకొకరికి ఫోన్ చేసి, వాళ్లు గేటుకి ఫోన్ చేసే లోపు ఆలస్యమైపోతుంది. ఒకే ఛానెల్ మీద ఘాట్ మెట్ల దగ్గరా, గేటు దగ్గరా, రైల్వే స్టేషన్ దారిలోనూ మనుషులుంటే ఆ మాట ఒక్కసారే మూడు చోట్లా వినబడుతుంది.

పోలీసులకు సొంత వైర్‌లెస్ సెట్లున్నాయి కదా, మీరెందుకు అని మీరు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ సెట్లు మా సెట్లకంటే మెరుగైనవే, వాటి మీద మాట్లాడేవాళ్లు మాకంటే అనుభవజ్ఞులే. అయితే అవి పోలీసు శాఖవి. దేవాదాయ శాఖ క్యూలైన్ సూపర్‌వైజరు, మెడికల్ క్యాంపు డాక్టరు, పడవల రేవు చూసే మనిషి, అన్నదానం షెడ్డు, కుర్ర వాలంటీర్లు, వీళ్లెవరికీ ఆ సెట్లు వినబడవు, వినబడకూడదు కూడా. శాఖకీ శాఖకీ మధ్య సమాచారం ఇప్పటికీ సెల్‌ఫోన్ మీదే నడుస్తోంది. సెల్‌ఫోన్ ఆగిన గంటలో ఒక శాఖ మాట ఇంకో శాఖకి చేర్చే మనిషి కావాలి. మేము నిలబడదల్చుకున్నది ఆ సందులో. పోలీసు ఛానెల్ జోలికి రాము.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి సమీక్షల్లో ఎవరైనా మాట్లాడుతున్నారో లేదో తెలియదు గానీ నాకు మాత్రం అదే ఎక్కువ టెన్షన్. గోదావరి పుష్కరాలు వర్షాకాలంలో వస్తాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. పైన కురిసిన వాన కిందికి వచ్చేదాకా మనకు కొంత వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధిలోనే స్నాన ఘట్టాలు ఖాళీ చేయించాలి, లంకల్లో ఉన్నవాళ్లను బయటికి తేవాలి, పడవలు ఆపించాలి. వరదలో కరెంటు పోతుంది, టవర్ల జనరేటర్లకు డీజిల్ అందదు. భద్రాచలానికీ రాజమహేంద్రవరానికీ మధ్య పాపికొండలున్నాయి. అక్కడ చేతి సెట్లు పనిచేయవు, ఆ కొండల మీదుగా వాటి సిగ్నల్ దాటదు.

షార్ట్‌వేవ్ దాటుతుంది. 66 అడుగుల తీగను బాగా ఎత్తున కట్టకుండా, మేడ ఎత్తులో అడ్డంగా కడితే సిగ్నల్ నేరుగా పైకి పోయి, పై వాతావరణం నుంచి తిరిగి చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర పడుతుంది. మధ్యలో కొండ ఉందా అడవి ఉందా అన్నదానితో దానికి పని లేదు. పగలు ఏడు మెగాహెర్ట్జ్ మీద భద్రాచలం, రాజమహేంద్రవరం, అంతర్వేది ఒకరితో ఒకరు హాయిగా మాట్లాడుకోవచ్చు. పొద్దుగుంకాక ఆ బ్యాండు దగ్గరి ఊళ్లను వదిలేసి దూరదేశాలను పట్టుకుంటుంది, అప్పుడు మూడున్నర మెగాహెర్ట్జ్‌కి దిగాలి. దానికి 130 అడుగులకు పైబడిన తీగ కావాలి. అందుకే మేడ అడుగుతున్నాను. మేడ మీద చోటు ఎంత పొడుగ్గా ఉంటే మాకు రాత్రిపూట అంత నిశ్చింత.

ఇవన్నీ ఊహలు కావు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ వెళ్లింది. అక్కణ్ణుంచి వీయూ4ఆర్‌బీఐ అన్న కాల్ సైనుతో ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటం వాళ్ల సరదా. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. అప్పటికే యాంటెన్నాలు కట్టి ఉన్నాయి, రేడియోలు నడుస్తున్నాయి. సరదాగా వెళ్లినవాళ్లే ఆ తర్వాతి రోజుల్లో ద్వీపాలకీ ప్రధాన భూభాగానికీ మధ్య కబుర్లు చేరవేశారు, ఫలానావాళ్లు క్షేమంగా ఉన్నారని ఇళ్లకు తెలియజేశారు. అప్పుడు వాళ్లను పిలిపించి, అనుమతులిచ్చి, విమానం ఎక్కించాల్సి వస్తే ఎన్నాళ్లు పట్టేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడూ సెల్‌ఫోన్లు మూగబోతే హామ్‌లు వెళ్లి స్టేషన్లు పెట్టారు. ఇక గంగాసాగర్ మేళా. పశ్చిమ బెంగాల్‌లో సాగర ద్వీపానికి మకర సంక్రాంతికి లక్షల మంది వస్తారు. అక్కడ తప్పిపోయిన ముసలివాళ్లను, పిల్లలను దేశంలో వాళ్ల ఊళ్లు వెతికి ఇళ్లకు చేర్చడంలో అక్కడి రేడియో క్లబ్బుకి మంచి పేరుంది. ఏటా అదే చోట, అదే అధికారులతో కలిసి పనిచేస్తారు కాబట్టి వాళ్లకు ఆ పని అలవాటైంది.

మన దగ్గర జరిగేది వేరు. ఒక ఉత్సవానికి మమ్మల్ని ముందురోజు సాయంత్రం పిలిచారు. ఎగ్జిబిషన్ స్టాళ్ల పక్కన షామియానా, వెనక ఫ్లెక్సీ, మీద నాయకుల ఫొటోలు. కంట్రోల్ రూమ్ ఎక్కడుందని అడిగితే అటువైపు వెళ్లకూడదన్నారు. రెండు రోజులు వచ్చినవాళ్లకు రేడియో అంటే ఏమిటో వివరించాం. చివర్లో శాలువా కప్పారు, సర్టిఫికెట్ ఇచ్చారు. అదే ఉత్సవంలో తప్పిపోయిన పిల్లల కోసం తల్లిదండ్రులు మా షామియానా ముందు నుంచే మైకు స్టాండ్ వెతుక్కుంటూ వెళ్లారు. పుష్కరాలకు మాకు శాలువాలొద్దు. ఉన్న డబ్బాలో మడతపెట్టినవి చాలా ఉన్నాయి.

మాకు కావలసినవి చెబుతాను. మొట్టమొదటిది కాగితం. వేరేవాళ్ల సందేశాలను మేము మోయడానికి నిబంధనలు మామూలు రోజుల్లో ఒప్పుకోవు. విపత్తు వేళ, సంబంధిత జిల్లా అధికారుల కోసం అయితే వెసులుబాటు ఉంది. లైసెన్సులో రాసిన చిరునామాలో కాకుండా ఘాట్ దగ్గర స్టేషన్ పెట్టాలన్నా ముందే ఢిల్లీకి రాసుకోవాలి. కలెక్టరు గారి సంతకంతో లెటర్ ఉంటేనే ఆ ఫైలు కదులుతుంది, ఆ లెటర్ పుష్కరాల వారంలో వస్తే పనికిరాదు. దయచేసి ఈ ఏడాదే రాయండి.

తర్వాత, కంట్రోల్ రూమ్‌లో ఒక బల్ల. అక్కడ కూర్చునే మనిషికి మీ డ్యూటీ ఆఫీసరు పేరు తెలిసుండాలి, ఆ ఆఫీసరుకి మా మనిషి తెలిసుండాలి. ఎవరో తెలియని వ్యక్తి తెచ్చి ఇచ్చిన చీటీని నమ్మి గేటు మూయించే అధికారి ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. ఆ నమ్మకం రావాలంటే కలిసి పనిచేయాలి. అందుకు పుష్కరాలదాకా ఆగనక్కర్లేదు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం ఉంది, శివరాత్రికి పట్టిసీమ ఉంది. అంతర్వేదిలో రథం వీధిలో జనం, సముద్ర స్నానాల దగ్గర జనం, రెండు చోట్లా ఒకేసారి చూసుకోవాలి. పట్టిసీమలో గుడి ఏటి మధ్యన ఉంది. పుష్కరాల్లో మీకు ఎదురయ్యే చిక్కులన్నీ చిన్న కొలతలో అక్కడున్నాయి. ఒక్కో చోట మీ డ్యూటీ ఆఫీసర్లతో కలిసి ఒక పూట పనిచేయనివ్వండి. మా వల్ల ఉపయోగం లేదనిపిస్తే అప్పుడే చెప్పేయండి, మేము ఒడ్డున కూర్చుని మా రేడియో మేము మాట్లాడుకుంటాం.

మా పరిమితులూ మీరు తెలుసుకోవాలి. మేము మాట్లాడేది ఎవరైనా వినొచ్చు. ఒక చవక రిసీవర్ ఉన్న విలేకరి కూడా వింటాడు. గాయపడ్డవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల వివరాలు మేము గాలిలో చదవం, చదవమని మీరు అడగకూడదు. బందోబస్తు, వీఐపీల రాకపోకల వివరాలు మాకు ఇవ్వొద్దు. మేము మోసేది: ఏ ఘాట్ దగ్గర జనం ఎంత ఒత్తిడిగా ఉన్నారు, ఎక్కడ స్ట్రెచర్ కావాలి, మంచినీళ్లు ఎక్కడ అయిపోయాయి, తప్పిపోయిన మనిషి ఎలా ఉన్నాడు, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయి. ఇంకో విషయం, మేము పెద్ద సంఖ్యలో లేము. గోదావరి జిల్లాల ఘాట్లన్నిటికీ మనుషుల్ని పెట్టలేం. హైదరాబాదు, విశాఖ, విజయవాడల నుంచి మా తోటివాళ్లు వస్తారు, అయినా అన్నిటికీ సరిపోం. ఏ ఘాట్లకు ఎక్కువ ప్రమాదమో మీరు తేల్చి చెబితే అక్కడే నిలబడతాం. ఊళ్లోని ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆసక్తి ఉన్న పిల్లలను ఇప్పుడు పరీక్షకు కూర్చోబెడితే అప్పటికి చేతిలో లైసెన్సు ఉంటుంది. ఆ చదువు మేము ఉచితంగా చెబుతాం, కాలేజీలకు ఒక సర్క్యులర్ మీరు పంపిస్తే చాలు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పుష్కరాలు జరిగే నదిది. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం తెలంగాణ వైపున్నాయి. అక్కడి హామ్‌లు మాతో రోజూ మాట్లాడేవాళ్లే, మాకు వాళ్ల గొంతులు తెలుసు. అటు కలెక్టర్లూ ఇలాంటి లెటర్ ఒకటి రాస్తే నది పొడుగునా ఒకే నెట్ నడపొచ్చు.

మొదటి అడుగుగా ఒక చిన్న పని చేసి పెట్టండి. పుష్కర కంట్రోల్ రూమ్ ఏ భవనంలో ఉండబోతోందో ఖరారైన రోజున, ఆ మేడ మీదికి వెళ్లే తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో మాకు తెలియజేయండి. తాడు, తీగ, బ్యాటరీ మేమే తెచ్చుకుంటాం. ఒక ఆదివారం పొద్దున వచ్చి, కట్టి, భద్రాచలంతో మాట్లాడి, మీ ఆఫీసరుకి వినిపించి, విప్పుకుని వెళ్లిపోతాం.

ఇట్లు,
గోదావరి జిల్లాల హామ్ రేడియో ఆపరేటర్ల తరఫున,
కోనసీమ నుంచి ఒక వీయూ3